డిమ్మర్ స్విచ్‌కు ఎల్‌ఈడీ బల్బు పెట్టారా..? మిణుకు మిణుకు ఎందుకొస్తుంది.. కొనే ముందు ఏం చూడాలి..?

హైదరాబాద్: హాల్లో పాత బల్బు మాడిపోయింది. దాని స్థానంలో కొత్త ఎల్‌ఈడీ బల్బు పెట్టారు. గోడ మీదున్న డిమ్మర్ నాబ్ కాస్త తిప్పగానే బల్బు టపటపా కొట్టుకుంటోంది. ఇంకాస్త తగ్గిస్తే ఒక్కసారిగా ఆరిపోతోంది. కొన్ని రోజులకు బల్బే పోయింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఏరియాల్లోని పాత ఇళ్లలోనే కాదు, ఫాల్స్ సీలింగ్ చేయించుకున్న కొత్త ఫ్లాట్లలోనూ ఈ ఇబ్బంది ఎదురవుతుంది. చాలామంది బల్బు నాసిరకం అనుకుంటారు. కొందరు వైరింగ్‌ను తప్పుపడతారు. నిజానికి చాలాసార్లు బల్బూ మంచిదే, డిమ్మరూ మంచిదే. ఆ రెండింటికీ పొంతన కుదరకపోవడమే సమస్య.

అసలు డిమ్మర్ ఎలా పనిచేస్తుంది..? ఎల్‌ఈడీకి, సీఎఫ్‌ఎల్‌కు అది ఎందుకు సరిపడదు..? దాంతో కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా..? పూర్తి వివరాలు ఇవీ.

డిమ్మర్ లోపల ఏం జరుగుతుంది?

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. ఇది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. అంటే సెకనుకు 100 సార్లు పైకెక్కి దిగే అల లాంటిది. గోడకు ఉండే సాధారణ డిమ్మర్ వోల్టేజీని నేరుగా తగ్గించదు. ప్రతి అలలో కొంత ముక్కను కోసేస్తుంది. నాబ్ ఎంత తగ్గిస్తే అంత పెద్ద ముక్క పోతుంది. బల్బుకు మిగిలిన ముక్కే అందుతుంది.

ఈ పని చేసే చిన్న భాగం పేరు ట్రయాక్. ఇలాంటి ఎలక్ట్రానిక్ డిమ్మర్‌ను అమెరికాకు చెందిన జోయెల్ స్పైరా 1959లో రూపొందించారు. తర్వాత 1961లో లుట్రాన్ అనే కంపెనీ పెట్టారు. అప్పట్లో ఇళ్లలో ఉన్నవి ఫిలమెంట్ బల్బులే. అందుకే ఆ డిమ్మర్లు వాటికి తగ్గట్టే తయారయ్యాయి.

ఫిలమెంట్ బల్బులో ఉండేది సన్నని తీగ మాత్రమే. కరెంటు క్షణంలో వందో వంతు ఆగినా తీగ వేడి తగ్గదు. అందుకే వెలుగు తెగినట్టు కంటికి కనిపించదు. ఆ బల్బుకు డిమ్మర్ చక్కగా సరిపోవడానికి కారణం ఇదే.

ఎల్‌ఈడీ ఎందుకు కొట్టుకుంటుంది?

ఎల్‌ఈడీ బల్బు పైకి పాత బల్బులాగే కనిపిస్తుంది. అదే హోల్డర్‌లో పడుతుంది. కానీ లోపల డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఏసీని డీసీగా మార్చి, ఎల్‌ఈడీ చిప్‌లకు ఎంత కరెంటు కావాలో అంతే ఇవ్వడం దాని పని. వోల్టేజీ కాస్త పెరిగినా తగ్గినా వెలుగు మారకుండా చూస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. డిమ్మర్ వెలుగు తగ్గించాలని అలను కోస్తుంది. డ్రైవరేమో వెలుగు తగ్గకూడదని లాగుతుంది. ఒకటి తగ్గించాలని, ఇంకొకటి నిలబెట్టాలని చూస్తుంటే మధ్యలో బల్బు మిణుకు మిణుకుమంటుంది. కోసిన అల వచ్చినప్పుడల్లా డ్రైవర్‌లోని కెపాసిటర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. దాంతో బల్బు మెడ భాగం వేడెక్కుతుంది, గుయ్‌మని శబ్దం వస్తుంది, బల్బు జీవితకాలం తగ్గిపోతుంది.

రెండో కారణం కూడా ఉంది. ట్రయాక్ తెరుచుకుని ఉండాలంటే దాని గుండా కనీసం కొంత కరెంటు పారుతూ ఉండాలి. 60 వాట్ల పాత బల్బు ఉన్నప్పుడు ఆ ఇబ్బంది రాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ లాగే కరెంటు చాలా తక్కువ. దాంతో ట్రయాక్ మధ్యమధ్యలో మూసుకుపోతుంది. సగం తిప్పేసరికి బల్బు ఉన్నట్టుండి ఆరిపోవడం దీనివల్లే.

డిమ్మర్ అడుగున ‘40 నుంచి 400 వాట్లు’ అని రాసి ఉందనుకోండి. దానికి 9 వాట్ల బల్బు ఒక్కటే పెడితే కనీస లోడ్ కూడా అందదు. అలాంటివి నాలుగు పెట్టినా 36 వాట్లే. కొందరు ఎలక్ట్రీషియన్లు ఒక పాత ఫిలమెంట్ బల్బును దానికి జతగా పెట్టి సరిచేస్తుంటారు. మిణుకు ఆగుతుంది కానీ, ఎల్‌ఈడీతో మిగిలిన కరెంటును ఆ పాత బల్బు తినేస్తుంది.

చౌక బల్బులు, సీఎఫ్‌ఎల్‌ల సంగతేంటి?

ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బు చేరడంలో కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకానిది పెద్ద పాత్ర. 2015 జనవరి 5న ప్రధాని నరేంద్ర మోదీ దీన్ని ప్రారంభించారు. ఈఈఎస్ఎల్ సంస్థ ద్వారా దేశవ్యాప్తంగా 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. ఒకేసారి భారీగా కొనడంతో 2014లో 310 రూపాయల దాకా ఉన్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు పడిపోయింది. బల్బులు చౌకయ్యాయి, మంచిదే. అయితే మార్కెట్లో దొరికే చౌక ఎల్‌ఈడీ బల్బుల్లో ఎక్కువ భాగం మామూలు ఆన్, ఆఫ్ స్విచ్ కోసం చేసినవే. డిమ్మర్‌తో పనిచేసే సర్క్యూట్ వాటిలో ఉండదు.

సీఎఫ్‌ఎల్‌ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మామూలు సీఎఫ్‌ఎల్‌ను డిమ్మర్‌కు అసలు పెట్టకూడదు. నాబ్ పూర్తిగా పెంచి ఉంచినా సరే, లోపలి సర్క్యూట్ వేడెక్కి త్వరగా పాడవుతుంది. దాని ప్లాస్టిక్ భాగం నల్లబడినా, కాలిన వాసన వచ్చినా వెంటనే మెయిన్ ఆఫ్ చేసి తీసేయాలి. సీఎఫ్‌ఎల్‌లో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లాలి. తర్వాత చీపురుతో ఊడ్వకుండా గట్టి అట్టముక్కతో ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడవాలి. పాడైన సీఎఫ్‌ఎల్‌లు ఈ-వేస్ట్ కిందికి వస్తాయి. మామూలు చెత్తలో కలపకూడదు.

ఫ్యాన్ రెగ్యులేటర్‌కు బల్బు పెట్టొచ్చా?

పెట్టొద్దు. మాడ్యులర్ బోర్డుల్లో ఫ్యాన్ రెగ్యులేటర్, లైట్ డిమ్మర్ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే ఖాళీగా ఉన్న రెగ్యులేటర్‌కు లైటు వైరు కలిపేస్తుంటారు. ఐదు అంచెల్లో టక్‌టక్‌మని తిరిగే రెగ్యులేటర్లలో సాధారణంగా కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫ్యాన్ మోటారు కోసం లెక్కగట్టి పెట్టినవి. దాంతో ఎల్‌ఈడీ వెలుగు సరిగా తగ్గదు, బల్బు దెబ్బతింటుంది. లైట్ డిమ్మర్‌ను ఫ్యాన్‌కు పెట్టినా నష్టమే. మోటారు గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది.

కొనే ముందు చూడాల్సినవి ఇవే

బల్బు డబ్బా మీద: ‘డిమ్మబుల్’ అని స్పష్టంగా ఉండాలి. ‘నాన్ డిమ్మబుల్’ అని ఉంటే డిమ్మర్‌కు పనికిరాదు. ఏమీ రాయకపోతే పనికిరాదనే అనుకోవాలి.

డిమ్మర్ మీద: ‘ఎల్‌ఈడీ’ అని ఉందో లేదో చూడాలి. డిమ్మర్లలో రెండు రకాలున్నాయి. అల మొదటి భాగాన్ని కోసేది లీడింగ్ ఎడ్జ్, చివరి భాగాన్ని కోసేది ట్రెయిలింగ్ ఎడ్జ్. పాత ట్రయాక్ డిమ్మర్లు మొదటి రకం. రెండో రకం కరెంటును మెల్లగా ఎక్కిస్తుంది కాబట్టి చాలా ఎల్‌ఈడీలతో శబ్దం, మిణుకు తక్కువ. అయితే బల్బు కంపెనీ ఏ రకం చెబితే అదే తీసుకోవాలి.

లోడ్ ఎంత: డిమ్మర్‌కు కనీస వాట్లు, గరిష్ఠ వాట్లు రెండూ చూడాలి. 400 వాట్ల డిమ్మర్ అంటే 9 వాట్ల ఎల్‌ఈడీలు 44 పెట్టొచ్చని కాదు. ఎల్‌ఈడీ డ్రైవర్లు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి కాబట్టి వాటికి పరిమితి చాలా తక్కువ ఉంటుంది. ఎల్‌ఈడీలకు విడిగా రాసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

అన్నీ ఒకే రకం: ఒక డిమ్మర్ కింద నాలుగు లైట్లుంటే నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయితే మంచిది. వాటిలో ఒక్కటి నాన్ డిమ్మబుల్ కలిసినా మిగతావి కూడా కొట్టుకుంటాయి.

బీఐఎస్ గుర్తు: ఎల్‌ఈడీ బల్బుల భద్రతకు ఐఎస్ 16102 ప్రమాణం ఉంది. బల్బు మీద బీఐఎస్ గుర్తుతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబర్ కొడితే అది అసలుదో కాదో తెలిసిపోతుంది.

రంగు: బెడ్‌రూంలో డిమ్మర్ పెట్టేవారు 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుగు తీసుకుంటే బాగుంటుంది. పాత బల్బు తగ్గిస్తే ఎర్రబడుతుంది. మామూలు ఎల్‌ఈడీ అలా మారదు. 6500 కెల్విన్ తెల్ల లైటును ఎంత తగ్గించినా తెల్లగానే ఉంటుంది.

కాలనీ షాపులో డిమ్మబుల్ బల్బు దొరక్కపోతే కోఠిలోని ట్రూప్‌బజార్‌లో వెతకొచ్చు. ఎలక్ట్రికల్ సామాన్లకు అది పేరున్న హోల్‌సేల్ మార్కెట్. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వైపు వెళ్లే మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గర. ముందు ఒక్క బల్బే కొని ఇంట్లో పరీక్షించి, సరిపోతే మిగతావి తెచ్చుకోవడం తెలివైన పని.

ఫోన్ కెమెరాతో ఇలా చెక్ చేయండి

కంటికి తెలియని మిణుకు కూడా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఫోన్ చాలు. కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి వెలుగుతున్న బల్బు వైపు తిప్పండి. స్క్రీన్ మీద నల్లటి పట్టీలు కదిలినా, వెలుగు పడుతూ లేస్తూ ఉన్నా ఆ బల్బు మిణుకుతోందని అర్థం. నాబ్ పూర్తిగా పెంచి ఒకసారి, సగానికి తగ్గించి ఒకసారి చూడాలి. పెంచినప్పుడు బాగుండి తగ్గించినప్పుడే పట్టీలు వస్తే డిమ్మర్, బల్బు కుదరడం లేదన్నమాట. ఇంట్లో రీల్స్, వీడియోలు తీసేవారికి ఫ్రేమ్‌లో గీతలు రావడానికి కూడా తరచూ ఇదే కారణం.

ఎక్కువసేపు మిణుకు వెలుగులో చదివితే కొందరికి కళ్లు అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది. మైగ్రేన్ ఉన్నవారికి ఇబ్బంది ఎక్కువ. ఎల్‌ఈడీల మిణుకు ఎంతలోపు ఉండాలన్న దానిపై ఐఈఈఈ సంస్థ 2015లో 1789 నంబర్‌తో సిఫార్సులు కూడా విడుదల చేసింది.

లక్షణాన్ని బట్టి కారణం

తగ్గించినప్పుడే కొట్టుకుంటోంది: బల్బు డిమ్మబుల్ కాదు, లేదా లోడ్ చాలడం లేదు.

రెండూ సరైనవే అయినా చివర్లో ఆరిపోతోంది: కొన్ని ఎల్‌ఈడీ డిమ్మర్లలో కనీస వెలుగును సెట్ చేసే చిన్న స్క్రూ ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో దాన్ని సరిచేయిస్తే సరిపోతుంది.

స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతోంది: స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా పారే కొద్దిపాటి కరెంటు వల్ల ఇలా అవుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకోటి ఉంది. స్విచ్‌ను ఫేజ్ వైరుకు కాకుండా న్యూట్రల్ వైరుకు కలిపి ఉండొచ్చు. అలా ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. దీన్ని వెంటనే సరిచేయించాలి.

ఇంట్లో లైట్లన్నీ ఒకేసారి తగ్గి పెరుగుతున్నాయి: ఇది డిమ్మర్ సమస్య కాదు. న్యూట్రల్ లూజ్ అయి ఉండొచ్చు. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లు, అపార్ట్‌మెంట్లలో న్యూట్రల్ తెగితే కొన్ని గదులకు వోల్టేజీ ప్రమాదకరంగా పెరుగుతుంది. టీవీ, ఫ్రిజ్ కాలిపోయే ముప్పు ఉంది. వెంటనే మెయిన్ ఆఫ్ చేయాలి. పక్కిళ్లలోనూ అలాగే ఉంటే టీజీఎస్‌పీడీసీఎల్ నంబర్ 1912కు ఫోన్ చేయాలి. మీ ఇంట్లో ఒక్కచోటే ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

డిమ్మర్‌తో బిల్లు తగ్గుతుందా?

లెక్క వేసి చూద్దాం. రోజుకు 5 గంటల చొప్పున 30 రోజులు ఒక బల్బు వెలిగితే..

60 వాట్ల పాత బల్బు: 9 యూనిట్లు

14 వాట్ల సీఎఫ్‌ఎల్: 2.1 యూనిట్లు

9 వాట్ల ఎల్‌ఈడీ: 1.35 యూనిట్లు

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్‌లో 201 నుంచి 300 యూనిట్ల శ్లాబుకు యూనిట్ ధర 7 రూపాయల 70 పైసలు. ఆ లెక్కన పాత బల్బుకు నెలకు 69 రూపాయలు, ఎల్‌ఈడీకి 10 రూపాయలు. అంటే బల్బు మార్చడంతోనే ఒక్కోదానికి నెలకు దాదాపు 59 రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు ఆ ఎల్‌ఈడీని డిమ్మర్‌తో సగం కరెంటుకు తగ్గించారనుకుందాం. మిగిలేది 0.675 యూనిట్.. అంటే 5 రూపాయల పైచిలుకు మాత్రమే. డిమ్మర్‌కు 500 రూపాయలు పెట్టారనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు 8 ఏళ్లు పడుతుంది. ఈలోగా పొంతన లేని బల్బులు రెండు పోయినా లెక్క నష్టంలోకి వెళ్లిపోతుంది.

గృహజ్యోతి లబ్ధిదారులు కూడా ఇది గమనించాలి. 2024 ఫిబ్రవరి 27న ప్రారంభమైన ఈ పథకంలో అర్హులకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది. 200 దాటితే ఆ నెల జీరో బిల్లు ఉండదు. ఇంట్లో ఇంకా నాలుగు పాత బల్బులు వెలుగుతుంటే వాటికే 36 యూనిట్లు పోతాయి. వాటిని ఎల్‌ఈడీలుగా మారిస్తే 5.4 యూనిట్లే. 200 గీత దగ్గర ఉన్న ఇంటికి ఆ తేడా చాలా పెద్దది. డిమ్మర్ వల్ల వచ్చే తేడా దాని ముందు ఏపాటి..!

అంటే డిమ్మర్ దండగ అని కాదు. రాత్రి పసిపిల్లలకు పాలు పట్టేటప్పుడు, పెద్దవాళ్లు నిద్రలో లేచి నడిచేటప్పుడు, టీవీ చూసేటప్పుడు తక్కువ వెలుగు హాయిగా ఉంటుంది. ఆ సౌకర్యం కోసం పెట్టుకోవచ్చు. బిల్లు తగ్గుతుందని మాత్రం పెట్టుకోవద్దు.

హాస్టళ్లు, అద్దె ఇళ్లలో ఉండేవారికి..

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి చుట్టుపక్కల హాస్టళ్లలో ఒకే గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. ఒకరు పడుకుంటే ఇంకొకరు పరీక్షకు చదువుకుంటుంటారు. అక్కడ గది లైటుకు డిమ్మర్ కంటే మంచం పక్కన చిన్న ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంప్ పెట్టుకోవడమే సులువు. చాలా టేబుల్ ల్యాంపులకు వెలుగు తగ్గించే బటన్ లోపలే ఉంటుంది. గోడ వైరింగ్‌తో పనే లేదు.

అద్దె ఇంట్లో బోర్డు విప్పే వీల్లేకపోతే మరో దారి ఉంది. మామూలు స్విచ్‌ను ఆపి వెంటనే మళ్లీ వేస్తే వెలుగు అంచెలంచెలుగా మారే బల్బులు దొరుకుతాయి. వీటికి డిమ్మర్ అక్కర్లేదు. అసలు డిమ్మర్‌కు పెట్టకూడదు కూడా. రాత్రంతా వెలగడానికైతే అర వాట్ ఎల్‌ఈడీ జీరో బల్బు చాలు.

స్మార్ట్ బల్బు వాడేవారు ఫోన్ నుంచే వెలుగు తగ్గించుకోవచ్చు. కానీ స్మార్ట్ బల్బునూ డిమ్మర్‌కు కలపకూడదు. దానికి ఎప్పుడూ పూర్తి కరెంటు ఉండాలి.

ఫాల్స్ సీలింగ్ చేయిస్తున్నారా?

ఎల్బీనగర్, నాగోల్, వనస్థలిపురం వైపు కొత్త ఫ్లాట్లలో సీలింగ్ అంచున స్ట్రిప్ లైట్లు, మధ్యలో ప్యానెల్ లైట్లు పెట్టిస్తున్నారు. వీటిలో డ్రైవర్ విడిగా సీలింగ్ పైన ఉంటుంది. డిమ్మర్ కావాలంటే సీలింగ్ మూయకముందే డిమ్మబుల్ డ్రైవర్ తీసుకోవాలి. 12 లేదా 24 వోల్టుల స్ట్రిప్‌కైతే డ్రైవర్ తర్వాత పెట్టే డీసీ డిమ్మర్ వస్తుంది. మామూలు డ్రైవర్ పెట్టేసి, తర్వాత గోడకు డిమ్మర్ బిగిస్తే మళ్లీ అదే మిణుకు. అప్పుడు సీలింగ్ విప్పాల్సి వస్తుంది. డ్రైవర్‌కు గాలి ఆడేలా, చేయి అందేలా చోటు వదలమని ముందే చెప్పాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

డిమ్మర్ నాబ్ సున్నాకు తిప్పినా వైర్లలో కరెంటు ఉండొచ్చు. బల్బు మార్చాలన్నా, బోర్డు విప్పాలన్నా ఎంసీబీ లేదా మెయిన్ ఆఫ్ చేయాల్సిందే. ఆ తర్వాత టెస్టర్‌తో చూసుకోవాలి. డిమ్మర్ కాస్త గోరువెచ్చగా ఉండటం మామూలే. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే లోడ్ ఎక్కువైందని లేదా వైరు లూజ్ అయిందని అర్థం. బోర్డు మార్పిడి పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

ఇంట్లో పాత డిమ్మర్ ఉండి, దాన్ని ఎవరూ వాడకపోతే సులువైన మార్గం ఒకటుంది. దాన్ని తీసేసి మామూలు స్విచ్ పెట్టించుకుంటే చాలు, చౌక ఎల్‌ఈడీ బల్బే ఏళ్ల తరబడి వెలుగుతుంది. వెలుగు తగ్గించుకోవడం నిజంగా అవసరమైతే బల్బు, డిమ్మర్ రెండూ ఒకదానికొకటి సరిపడేవి కలిపి కొనాలి. ఒకటి మార్చి ఇంకోటి పాతదే ఉంచితే మిణుకు పోదు.. ఖర్చు కూడా ఆగదు.